నీళ్ళలో మునిగే నూనె

మా అక్క మోకాళ్ళకు ఆ నూనె తెచ్చిచ్చింది నేనే. ఈ మాట ముందే రాసేస్తున్నాను. తరవాత రాద్దామనుకుంటే దాని చుట్టూ సాకులు చేరిపోతాయి. సాకులు పేర్చడంలో నాకెంత నేర్పు ఉందో ఈ ఏడాదే తెలుసుకున్నాను.

ఓడరేవుకి దగ్గర్లో ఉన్న ఒక ఫ్యాక్టరీలో నేను ఎలక్ట్రికల్ ఫోర్‌మన్ని. పనిలో చేరింది అక్కడే, ఇంకొన్నాళ్ళలో రిటైరయ్యేదీ అక్కడే. మా సబ్‌స్టేషన్ వెనక ప్రహరీకి ఆనుకుని ఒక పాత ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. ఫ్యాక్టరీ కట్టినప్పుడు యంత్రాలతో పాటు విదేశం నుంచి ఓడలో దిగింది. దాన్ని వాడకంలోంచి తీసేసి చాలా ఏళ్ళయింది. వేలం వేస్తామన్నారు, వెయ్యలేదు. బొగ్గు దుమ్ము మీద పేరుకుంటూ, ఉప్పుగాలికి అంచులు తుప్పు పడుతూ అక్కడే నిలబడింది, లోపలి నూనెతో సహా.

ట్రాన్స్‌ఫార్మర్ నూనె కీళ్ళ నొప్పులు లాగేస్తుందని మా వైపు కరెంటు పని చేసేవాళ్ళలో ఒక నమ్మకం. లైన్‌మన్ ఇంట్లో మందుసీసాల పక్కన ఆ నూనె సీసా ఒకటి ఉండడం మామూలు. నేను చేరినప్పుడు నా పైనున్న మేస్త్రీ రోజూ డ్యూటీ దిగేముందు మోచేతులకు పట్టించుకునేవాడు. అందరి నూనె కంటే మన ఫారిన్ నూనె గొప్పదని ఆయన నాకు నేర్పాడు. మూతలో కాస్త పోసి, అగ్గిపుల్ల గీసి అందులో పెట్టాడు. పుల్ల చుయ్‌మని ఆరిపోయింది.

"సూసినావా? అంటుకోదు. అంత సుద్ధమైన సరుకురా ఇది" అన్నాడు.

మండని నూనె అంటే మాకు మంచి నూనె. నూనె అన్నాక మండకుండా ఎందుకుందని ఎవరికీ అనుమానం రాలేదు.

ఆయన రిటైరయ్యాక వాల్వు తాళం నా చేతికొచ్చింది. క్యాంటీన్ వంటాయన, గేటు దగ్గర వాచ్‌మన్, టైమాఫీసు గుమాస్తా, అందరూ ఖాళీ సీసాలతో వచ్చేవారు. ఆఫీసరు కూడా ఒకాయన వాళ్ళమ్మ కోసం అడిగి పట్టుకెళ్ళాడు. "నువ్విచ్చిన నూనె రాసేక మా అమ్మ మెట్లెక్కతంది బావా" అని వంటాయన నా ప్లేటులో ఒక చేప ముక్క ఎక్కువ వేసేవాడు. నాకది బాగుండేది. నా దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకని వస్తువంటూ నా జీవితంలో ఉన్నది అదొక్కటే.

ట్యాంకు పక్కన ఒక ఇత్తడి రేకు ఉండేది. దాని మీద ఇంగ్లీషులో ఆ నూనె రకం పేరు, కింద చిన్న అక్షరాల్లో చర్మానికి తగలనివ్వకూడదని ఒక వాక్యం. కొత్తలో చదివాను. నూనె వేడిగా ఉంటుంది కాబట్టి చెయ్యి కాలుతుందని రాశారనుకున్నాను. తరవాత తనిఖీ ఉందంటే చాలు, మొత్తానికి బూడిదరంగు కొట్టించేవాణ్ణి. ఆ రేకు వదిలేసి కొట్టండని ఒక్కసారీ చెప్పలేదు. నాలుగైదు పూతలకి అక్షరాలు పూడుకుపోయాయి.

అక్క ఉండేది సబ్బవరం దగ్గర పల్లెలో. బతుకంతా బురదలో వంగి వరి ఊడ్చింది, వంకాయల తట్ట నెత్తిన పెట్టుకుని సంతకి నడిచింది. యాభై దాటాక మోకాళ్ళు మొరాయించాయి. రెండేళ్ళ క్రితం ఒక అయిదు లీటర్ల డబ్బా నిండా ఆ నూనె పట్టి బండి మీద పెట్టుకుని తీసుకెళ్ళాను. ఊళ్ళోవాళ్ళందరికీ చెప్పుకుంటూ తిరిగింది. "నా తమ్ముడు ఓడలో దిగిన నూనె తెచ్చినాడు" అని.

పద్ధతిగా వాడేది. తెల్లారగానే ఇనప గరిటెలో పోసి బొగ్గుల మీద వెచ్చబెట్టి, తొడల నుంచి మడమల దాకా మర్దనా చేసుకునేది. నిజంగానే నొప్పి తగ్గిందనేది. వెచ్చదనం వల్ల తగ్గిందో, మర్దన వల్ల తగ్గిందో, తమ్ముడు తెచ్చాడన్న నమ్మకం వల్ల తగ్గిందో నాకు తెలీదు. నువ్వులనూనె రాసినా తగ్గేదేమో.

ఈ వేసవి చివర మా భద్రతా విభాగానికి కొత్త ఆఫీసరు వచ్చింది. మా అక్క కూతురంత వయసుంటుంది. మోచేతుల దాకా గ్లవ్స్ వేసుకుని, ఆ ట్రాన్స్‌ఫార్మర్ మీది రంగు బ్లేడుతో గీకి, పూడుకుపోయిన రేకుని బయటికి తీసింది. చదివి లేచి నిలబడింది. మర్నాడు మా పన్నెండు మందినీ షెడ్డులో కూర్చోబెట్టి క్లాసు తీసుకుంది.

ముందు మూతబిగించిన రెండు గాజు గొట్టాలు చూపించింది. రెంటిలోనూ సగం నీళ్ళు. ఒకదాన్లో మామూలు ట్రాన్స్‌ఫార్మర్ నూనె, పైన తేలుతోంది. రెండోదాన్లో మా నూనె. అది అడుగున పడుకుని ఉంది.

"తేలినంత మాత్రాన మంచిదని అర్థం కాదు, దాన్నీ పరీక్ష చెయ్యాలి. కానీ ఇలా మునిగిందంటే ఇంక అనుమానం అక్కర్లేదు. దీన్ని పీసీబీ అంటారు. నిప్పు అంటుకోదనే పూర్వం వాడేవారు. మండదు, కుళ్ళదు, ఎండకీ వానకీ చెడదు. ఆ గుణమే దీని ప్రమాదం. మట్టిలో పడితే మట్టిలో ఉండిపోతుంది. చేపలోకి పోతే చేప కొవ్వులో, మనిషిలోకి పోతే మనిషి కొవ్వులో. ముట్టుకుంటే చర్మం లోంచి కూడా లోపలికి దిగుతుంది. ఒంటిమీద నల్ల మొనల పొక్కులు లేస్తాయి, కాలేయం దెబ్బతింటుంది, క్యాన్సర్ రావచ్చు. తల్లి ఒంట్లో ఉంటే పాలతో బిడ్డకి పోతుంది."

ఆ తరవాత చెయ్యాల్సిన పని చెప్పింది. కదపకుండా ఉన్నచోటే ఉంచాలి. కారినా పట్టేలా కింద ఇనప తొట్టి, చుట్టూ కంచె, బోర్డు. గ్లవ్స్ లేకుండా ఎవరూ ముట్టుకోకూడదు. తుడిచిన గుడ్డ కూడా ఆ నూనెతో సమానమే. అనుమతి ఉన్న చోటికి పంపితే అక్కడ కొలిమి కంటే ఎక్కువ వేడిలో నాశనం చేస్తారు. "మామూలు నిప్పు మీద పెట్టారో, దీనికంటే పెద్ద విషం పుడుతుంది" అంది.

నాకు బొగ్గుల మీద ఇనప గరిటె కనిపించింది.

క్లాసు చివర ఆవిడ అడిగింది. "ఈ నూనె ఎవరైనా బయటికి తీసుకెళ్ళారా? తప్పు పట్టడానికి అడగడం లేదు. వెనక్కి తెచ్చుకోవాలి, అందుకని అడుగుతున్నాను."

పదకొండు మంది నా మొహం చూశారు.

"లేదు మేడమ్. తాళం ఎప్పుడూ నా దగ్గరే ఉంటాది" అన్నాను.

అందులో రెండో ముక్క నిజం. నిజాన్ని అంత బాగా ఇంకెప్పుడూ వాడుకోలేదు నేను. ఆవిడ రాసుకుంది. పదకొండు మందీ ఊపిరి వదిలారు. బయటికొచ్చాక వంటాయన క్యాంటీన్ వెనక్కి పిలిచి, "బావా, మా ఇంట్లో సీసాడున్నాది. ఏటి సెయ్యమంతావు?" అని గుసగుసగా అడిగాడు. క్లాసుకి రాకపోయినా కబురు ఆయన దాకా అప్పుడే చేరింది.

"ఎక్కడో పారబోసీ. ఎవల్తోనూ అనకు" అన్నాను.

వాళ్ళ వీధి చివర మురుగు గెడ్డలో పారబోశాడు. ఆ గెడ్డ సముద్రంలో కలుస్తుంది. కొవ్వులో ఉండిపోతుందని ఆవిడ చెప్పిన చేప గురించి నాకప్పుడు ఆలోచనే రాలేదు.

అక్క దగ్గరికి వెళ్ళడానికి రెండు వారాలు పట్టింది. డ్యూటీలు కుదరలేదని నాకు నేనే చెప్పుకున్నాను. అక్క కూతురు అప్పటికే తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చి ఉంది, నిండు నెలలు. బావ అరుగు మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. నన్ను చూడగానే, "రా బావా. మీ అక్కకి ఇరవయ్యేళ్ళ పిల్ల కాళ్ళొచ్చినాయి. నానే ముసిలోణ్ణైపోయినాను" అన్నాడు.

నేను ఇంటి దగ్గరే కూర్చి పెట్టుకున్న అబద్ధం బయటికి తీశాను. "అక్కా, ఆ నూనె పాతదైపోనాది. పన్జెయ్యదు. డబ్బా ఇచ్చీ, అట్టుకెళ్ళిపోతాను."

అక్క కళ్ళు చిన్నవి చేసి నన్ను చూసింది. "పాతదైతే నీకెందుకురా?"

"ఊరికినే. పారబోసేత్తాను."

"పారబోసీడానికి విశాపట్నం నుంచొచ్చినావేటి? మీ అత్తకి మోకాళ్ళు పట్టేసినాయని మీ యావిడ మొన్న ఫోన్లో అన్నాది. అందుకేనా?"

"అది కాదక్కా..."

"కాకపోతే మరేటి? ఇచ్చింది మళ్ళీ అడగతారేట్రా? ఆలమ్మకి కొత్తది పట్టి తీసుకెళ్ళు. ఇది నాది."

బావ పగలబడి నవ్వాడు. "ఇంక దొరకదు బావా నీకు డబ్బా. బియ్యం డ్రమ్ములో దాసేత్తాది."

నేనూ నవ్వాను. ఒక్క మాట చెప్తే అయిపోయేది. చెప్తే, ఇది విషమని నీకెలా తెలుసు అని అడుగుతుంది. ఫ్యాక్టరీలో చెప్పారంటే ఊరంతా చెప్తుంది. ఊళ్ళోవాళ్ళ పిల్లలు మా దగ్గర కాంట్రాక్టు పనికొస్తారు. మాట ఆఫీసరు చెవిన పడుతుంది. రిటైర్మెంటు ముందు మచ్చ. ఇదంతా ఆలోచించడానికి పట్టింది కాఫీ గ్లాసు ఖాళీ అయ్యేంతసేపు. రెండేళ్ళు వాడింది, ఇంకో నెల వాడితే కొత్తగా ఏమవుతుందిలే అనుకుంటూ బండెక్కాను.

ఆషాఢంలో ఆడపిల్ల పుట్టింది. పదకొండో రోజు పురిటి స్నానానికి అందరం వెళ్ళాం. నేను వెండి గజ్జెలు పట్టుకెళ్ళాను. పెరట్లో నీళ్ళ కాగు పక్కన గూట్లో పాపకి రాసే నూనె గిన్నె, సున్నిపిండి డబ్బా, వాటి పక్కనే నా డబ్బా. మూతకి అక్క చేతి పసుపు అంటుకుని ఉంది. చూశాను. చూసి లోపలికెళ్ళి విస్తరి ముందు కూర్చున్నాను. గారెలు వేడిగా ఉన్నాయి. రెండు అడిగి మరీ వేయించుకున్నాను.

ఆ భోజనం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు రోత పుడుతుంది. తెలియక నూనె ఇచ్చినవాణ్ణి ఏదో ఒక రోజు క్షమించగలనేమో. తెలిసి గారెలు తిన్నవాణ్ణి క్షమించలేను.

పాపకి రెండో నెల నిండబోతుండగా మేనకోడలు ఫోన్ చేసింది. "మావయ్యా, అమ్మ కాళ్ళ నిండా పొక్కులు లేసినాయి. నల్ల నల్ల మొనలు. నీ నూనె రాస్తే తగ్గుతాయంతంది. డబ్బా అడుగంటిపోనాది, ఇంకొంచెం తెత్తావా?"

మర్నాడు సెలవు పెట్టాను. స్టోర్లోంచి గ్లవ్స్, మందపాటి ప్లాస్టిక్ సంచులు తీసుకుని పొద్దున్నే బయల్దేరాను. అనకాపల్లి వైపు లారీల మధ్య ఇరుక్కుని కూడా మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను. అక్క బాధపడకుండా ఎలా చెప్పాలి, నాకు తెలిసిన రోజుని ఎంత ముందుకి జరపాలి. నిన్ననే తెలిసిందని చెప్పేద్దామనుకున్నాను.

ఇంటి పక్క సందులోంచి నేరుగా పెరట్లోకి వెళ్ళాను. అక్క పీట మీద కూర్చుని నాపరాయి మీదికి రెండు కాళ్ళూ చాపి ఉంది. చీర తొడల దాకా ఎగదోపుకుంది. పొద్దుటి మర్దన అప్పుడే అయినట్టుంది, మోకాళ్ళ నుంచి మడమల దాకా నిగనిగలాడుతున్నాయి. ఆ రెండు కాళ్ళ నడుమ పల్లంలో పాప బోర్లా పడుకుని ఉంది. అక్క ఒక చేత్తో వీపు రుద్దుతూ, ఇంకో చేత్తో వెచ్చని నీళ్ళు పోస్తూ, "కాళ్ళు సాగాల, సేతులు సాగాల, మా గుంట బేగి నడవాల" అని లాలిస్తోంది. పాప బుగ్గ అక్క పిక్కకి ఆని ఉంది. నోరు తెరిచి ఆ చర్మాన్ని చప్పరిస్తోంది.

పసిబిడ్డకి నీళ్ళు పోసేది ఇలాగే అని నాకు తెలీదా? నన్ను మా అమ్మమ్మ ఇలాగే పెంచింది. ఆ క్లాసులో కూర్చున్న రోజు నుంచీ ఈ కాళ్ళు, ఈ బిడ్డ నా కళ్ళ ముందే ఉన్నాయి. రెంటినీ కలిపి చూడలేదు, అంతే. చూడదలుచుకోలేదు.

"పాపని ఎత్తు! ఎత్తక్కా!" అని అరిచాను.

పాము అనుకుని అక్క బిడ్డని రెండు చేతులా ఎత్తేసింది. చెంబు దొర్లింది. పాప కెవ్వుమంది. మేనకోడలు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి బిడ్డని అందుకుంది.

"ఏటి? ఎక్కడ? ఎక్కడున్నాది?" అని అక్క చుట్టూ వెతుకుతోంది.

"పాము కాదు. నూనె. సబ్బెట్టి కాళ్ళు కడుక్కో. పాపని కూడా సబ్బుతోనే కడగండి, మంచి నీళ్ళతో. ఆ నూనె విషం అక్కా."

బావ చుట్ట పారేసి లేచాడు. "పొద్దున్నే తాగొచ్చినావేటి బావా?"

నమ్మలేదు ఎవరూ. గ్లాసుతో నీళ్ళు అడిగాను. గ్లవ్స్ తొడుక్కుని గూట్లోంచి డబ్బా దించి, ఒక్క చుక్క నీళ్ళలో వేశాను. చుక్క నీళ్ళ మీద ఆగలేదు. గుండ్రంగా, నెమ్మదిగా దిగి గ్లాసు అడుక్కి చేరింది. పక్కన పాపకి రాసే నువ్వులనూనె ఇంకో చుక్క వేశాను. అది పైన తేలింది.

"నూనె మునగడమేటి?" అంది అక్క.

ఆఫీసరు షెడ్డులో చెప్పినదంతా చెప్పాను. పాల సంగతి కూడా చెప్పాను. మేనకోడలు బిడ్డని గుండెకి హత్తుకుని, ఒక్క అడుగు వెనక్కి వేసింది. నా నుంచి కాదు, వాళ్ళమ్మ నుంచి. అక్క ఆ అడుగు చూసింది.

బావే ముందు తేరుకున్నాడు. "ఆడికి మాత్రం ఏటి తెలుసు? తెలిస్తే తెత్తాడా? ఒగ్గీవే."

అక్క ఆయన్ని చూడలేదు. "నీకెప్పుడు తెలిసిందిరా?" అని అడిగింది నన్ను.

నిన్న అనే మాట నాలుక మీద సిద్ధంగా ఉంది. దారంతా దాన్నే నూరుకుంటూ వచ్చాను. ఎందుకనో బయటికి రాలేదు.

"మూడు నెల్లైంది."

అక్క వేళ్ళ మీద లెక్కపెట్టలేదు. ఆమెకి అవసరం లేకపోయింది.

"అప్పుటికింకా పాప పుట్టనేదు కదరా" అంది.

తిట్టలేదు. తడిసిన చీరతో అలాగే పీట మీద కూర్చుని, తన కాళ్ళ వంక ఎవరివో అన్నట్టు చూసుకుంది. తరవాత సబ్బు తీసుకుని రుద్దడం మొదలుపెట్టింది. పొక్కులు చిట్లి రక్తం వచ్చినా ఆపలేదు.

ఆ పెరట్లోంచే ఆఫీసరుకి ఫోన్ చేశాను. అబద్ధం చెప్పానని చెప్పాను.

"ఎంత మిగిలింది? ఎక్కడెక్కడ వాడారు?" అని మాత్రం అడిగింది. "ఏదీ పారబొయ్యకండి, కాల్చకండి. కిరసనాయిలుతో కడక్కండి. నేనే వస్తున్నాను."

మధ్యాహ్నానికి ఫ్యాక్టరీ జీపులో వచ్చింది. మూతబిగించే ఇనప డ్రమ్ము, రంపపు పొట్టు, సంచులు తెచ్చింది. డబ్బా, గరిటె, మర్దన గుడ్డలు, అక్క పాత చీరలు రెండు, గూట్లో గిన్నెలు, అన్నీ రెండేసి సంచుల్లో కట్టించింది. నాపరాయి మీద పొట్టు చల్లి ఊడ్చి, ఆ పొట్టునీ సంచిలోకి ఎత్తించి, రాయిని కూడా పెళ్ళగించింది. ఆ పనంతా నా చేతే చేయించింది. ఇది నా శిక్ష అని ఆవిడ అనుకుందో లేదో, నేననుకున్నాను.

"ఇంకెక్కడైనా వాడారా?"

బావ తల గోక్కున్నాడు. "మంచం కోళ్ళకి రాసినానమ్మా. సెదలు పట్టకుండా. బానే పన్జేసింది."

ఏ మంచం అని అడిగితే లోపలికి చూపించాడు. బాలింత, పాప పడుకుంటున్న నులక మంచం. అది మా అమ్మది. అక్క, నేను దాని మీదే పుట్టాం.

మంచాన్ని ప్లాస్టిక్‌లో చుట్టి జీపు వెనక కట్టాం. వీధంతా గుమ్మాల్లో నిలబడి చూసింది. "సారెట్టి అత్తోరింటికి పంపుతన్నట్టున్నాదే" అన్నాడు బావ. ఎవరూ నవ్వలేదు. ఆయనా నవ్వలేదు.

పట్నంలో, సీతమ్మధారలో పిల్లల డాక్టరు పాపని చూసి, బరువు బాగుంది, చురుగ్గా ఉంది, పాలు మానిపించొద్దు అన్నాడు. రేపేమవుతుందో ఏ పరీక్షా ఇవాళ చెప్పలేదని కూడా అన్నాడు. "చూస్తూ ఉండాలి" అన్నాడు. ఎన్నాళ్ళని మేనకోడలు అడిగింది. ఆయన చీటీ మీద వచ్చే నెల తేదీ వేశాడు. అక్క కాళ్ళకి చర్మం డాక్టరు, రక్త పరీక్షలు. ఆ పొక్కులు తగ్గడానికి ఏళ్ళు పట్టొచ్చన్నారు.

నేను జరిగింది జరిగినట్టు కాగితం మీద రాసిచ్చాను. ఎవరెవరికి సీసాలిచ్చానో గుర్తున్నంత వరకూ ఆ జాబితా కూడా. కొన్ని వెనక్కొచ్చాయి. కొందరు అసలు తీసుకోలేదన్నారు. గెడ్డలో పోసింది ఎలాగూ రాదు. నా మీద విచారణ నడుస్తోంది. క్యాంటీన్‌లో వంటాయన నా వైపు చూడకుండా వడ్డిస్తున్నాడు. ఆఫీసరు ఒక్కసారే కటువుగా మాట్లాడింది. "ఆ రోజు షెడ్డులో చెప్పి ఉంటే అదే సాయంత్రం జీపు వెళ్ళేది" అంది. అదే జీపు, అదే దారి. ఈ లెక్క నేను రోజూ వేసుకుంటున్నాను. ఎలా వేసినా ఆ రోజుకి పాప పుట్టలేదు.

మామూలుగా అయిదో నెల దాకా పుట్టింట్లో ఉంచాలి. మేనకోడల్ని మూడో నెల నిండకుండానే వాళ్ళ అత్తవారు భీమిలి తీసుకెళ్ళిపోయారు. ఎవరూ ఏమీ అనలేదట. జాగ్రత్త కోసం అన్నారట. వెళ్ళేముందు ఆ నాలుగు రోజులూ పాపకి ప్లాస్టిక్ టబ్బులో నీళ్ళు పోశారు. అక్క కాళ్ళు మడిచి చీర కిందికి లాక్కుని, దూరంగా కూర్చుని చూసేదని బావ చెప్పాడు. చేతులకి సబ్బు పెట్టుకుని వచ్చినా ముట్టుకోలేదట.

మా షెడ్డులో ఇప్పుడు కంచె కట్టి బోర్డు పెట్టారు. లోపల వరసగా డ్రమ్ములు, కింద ఇనప తొట్టి. ఆ చివర గోడకి ఆనించి ప్లాస్టిక్ చుట్టిన మా అమ్మ మంచం. దాని కోడుకి పసుపు చీటీ అంటించి ఉంది. దాని మీద ఆ సరుకు ఎక్కడి నుంచి వచ్చిందో రాసి ఉన్నది నా చేతి రాతలోనే. లారీ వచ్చేదాకా డ్యూటీ ఎక్కినప్పుడూ దిగినప్పుడూ దాని ముందు నుంచే నడవాలి.

మొన్న ఆదివారం అక్క ఫోన్ చేసింది. మూడు నెలల తరవాత తనంతట తను చెయ్యడం అదే మొదలు. వానల గురించి, బావ దగ్గు గురించి మాట్లాడింది. నేను ఊఁ కొడుతున్నాను. చివర్న మెల్లిగా అడిగింది.

"అమ్మ మంచం ఎప్పుడిత్తారురా?"

త్వరలో ఇస్తారక్కా అనొచ్చు. అంటే నమ్ముతుంది. నా నోరు ఆ మాటకి అప్పుడే తెరుచుకుంది కూడా.

"రాదక్కా. లారీలో తీసుకెళ్ళి కాల్చేత్తారు. ఇంక రాదు."

ఫోన్ పెట్టేసిందేమో అనుకున్నాను. వీధిలో ఎవరో కోడిని అదిలిస్తున్న చప్పుడు వినబడింది, అంటే ఇంకా అక్కడే ఉంది.

"సర్లే" అంది. "ఈసారి ముందే సెప్పినావు."